జర్మన్ లీట్ పాడే టెనర్ వృత్తి: తరచుగా అడిగే ప్రశ్నలు

లీట్ అంటే ఏమిటి? కొందరు లీడర్ అంటారెందుకు?

జర్మన్ కవితకు ఒక స్వరకర్త ఒక గొంతుకూ ఒక పియానోకూ సరిపోయేలా కట్టిన పాటే లీట్. బహువచనం లీడర్. మన నాయకులతో దీనికి సంబంధం లేదు. రాసేటప్పుడు ఏకవచనం చివర ‘డ’ ఉంటుంది కానీ పలికేటప్పుడు ‘ట’ అవుతుంది. జర్మన్‌లో పదం చివరి బ, డ, గ లు ప, ట, క లుగా మారతాయి. ఈ ఒక్క సూత్రం మర్చిపోతే కచేరీ మొదటి నిమిషంలోనే జర్మన్ శ్రోతకు తెలిసిపోతుంది.

ఈ కళకు పునాది షూబర్ట్. 31 ఏళ్ళకే, 1828 నవంబరులో చనిపోయిన ఆయన 600కు పైగా పాటలు వదిలి వెళ్ళాడు. తర్వాత షూమన్, బ్రామ్స్, హ్యూగో వోల్ఫ్, రిఖార్డ్ స్ట్రౌస్. టెనర్ (మగ గొంతుల్లో హెచ్చు గొంతు ఉన్న గాయకుడు) బతుకంతా తిరిగి తిరిగి పాడేవి ముఖ్యంగా మూడు పాటల మాలలు. షూబర్ట్ 1823లో కట్టిన ‘డీ షోనె ముల్లరిన్’ (అందమైన మిల్లు అమ్మాయి)లో 20 పాటలు, 1827లో కట్టిన ‘వింటర్‌రైజె’ (శీతాకాల ప్రయాణం)లో 24 పాటలు ఉన్నాయి. షూమన్ 1840లో హైనె కవితలకు కట్టిన ‘డిష్టర్‌లీబె’లో 16 పాటలు.

షూబర్ట్ మాలలు రెండింటికీ కవి ఒకరే, డెస్సావ్‌కు చెందిన విల్‌హెల్మ్ ముల్లర్. ఆయన కొడుకే ఋగ్వేదాన్ని అచ్చు వేయించిన మాక్స్ ముల్లర్. మన దేశంలో గోథె ఇన్‌స్టిట్యూట్‌కు మాక్స్ ముల్లర్ భవన్ అని పేరు పెట్టింది ఆయన మీదే. ఆయన పుట్టిందీ ‘ముల్లరిన్’ పుట్టిన 1823లోనే.

‘వింటర్‌రైజె’ బారిటోన్ల సొత్తు కాదా? టెనర్ ఎందుకు పాడతాడు?

చాలామంది చెవికి బారిటోన్ (టెనర్ కన్నా కింది మగ గొంతు) ఫిషర్-డీస్కౌ గొంతు అలవాటై ఈ ప్రశ్న వస్తుంది. షూబర్ట్ మాత్రం రెండు మాలలనూ హెచ్చు గొంతుకే రాశాడు. బారిటోన్ పాడేది శ్రుతి దించిన కూర్పు.

శ్రుతి దించితే ఏమవుతుంది? మన సంగీతంలో ఒకటిన్నర శ్రుతిలో పాడినా ఐదున్నరలో పాడినా కీర్తన స్వరూపం మారదు. తంబురా కూడా గాయకుడితోపాటే మారుతుంది. పియానోలో అలా కాదు. పాటను మూడు నాలుగు మెట్లు దించితే ఎడమ చేతి స్వరాలు వాద్యం అట్టడుగుకు జారి బొంగురుగా కలిసిపోతాయి. మాలలోని పాటల మధ్య శ్రుతుల సంబంధమూ చెదురుతుంది, ఎందుకంటే గాయకులు అన్ని పాటలనూ ఒకే దూరం దించరు. తన గొంతుకు ఎక్కడ ఇబ్బందో అక్కడే ఎక్కువ దించుకుంటారు. టెనర్‌కు ఈ తలనొప్పి చాలావరకు లేదు.

చాలావరకే. షూబర్ట్ చేతిరాతకూ అచ్చు ప్రతికీ మధ్య కొన్ని పాటల శ్రుతి మారింది. ‘వాసర్‌ఫ్లూట్’ ఎఫ్ షార్ప్ మైనర్ నుంచి ఇ మైనర్‌కు దిగింది. ‘ఐన్‌జామ్‌కైట్’ డి మైనర్ నుంచి బి మైనర్‌కు, చివరి పాట ‘డెర్ లైయర్‌మన్’ బి మైనర్ నుంచి ఎ మైనర్‌కు దిగాయి. ఏది పాడాలో గాయకుడూ పియానిస్టూ మొదటి సాధనకు ముందే తేల్చుకోవాలి. ఒకరు బేరన్‌రైటర్ ప్రచురణ, మరొకరు పాత పేటర్స్ ప్రచురణ పట్టుకొచ్చి అరగంట పోగొట్టుకోవడం మామూలే.

అసలు శ్రుతిలో పాడటం సుఖమని మాత్రం అనుకోవద్దు. ‘వింటర్‌రైజె’ మొదటి పాట ‘గూటె నాఖ్ట్’లో గాయకుడి మొట్టమొదటి స్వరమే పై ఎఫ్. టెనర్ గొంతు కింది పట్టు వదిలి పై పట్టులోకి మారే సంధి దాదాపు అక్కడే, ఇ నుంచి ఎఫ్ షార్ప్ వరకు. ఆపెరాలో ఆ స్వరాన్ని నిండుగా ఊది దాటేయవచ్చు. ఇక్కడ మెత్తగా, మాట స్పష్టంగా వినపడేలా, వార్మ్-అప్ అన్నదే లేకుండా అందుకోవాలి. నాలుగో చరణం డి మేజర్‌లోకి తిరిగి ఇంకా మెత్తబడుతుంది, అప్పుడు మొదలయ్యేది ఎఫ్ షార్ప్ మీద. ఇలాంటి చోట్ల నిలబడగలిగితేనే లీట్ టెనర్.

లీట్ మాత్రమే పాడి బతకవచ్చా?

వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మంది బతుకుతున్నారు. మిగిలినవాళ్ళకు ఇంటి అద్దె కట్టేది యోహాన్ సెబాస్టియన్ బాఖ్.

ఈస్టర్‌కు ముందు వారాల్లో జర్మనీ, నెదర్లండ్స్, స్విట్జర్లండ్ దేశాల్లో చర్చీలూ బృందగాన సంఘాలూ బాఖ్ పాషన్‌లు (క్రీస్తు శ్రమలనూ మరణాన్నీ పాడే కృతులు) పెడతాయి. ‘సెయింట్ జాన్ పాషన్’ 1724 నాటిది, ‘సెయింట్ మాథ్యూ పాషన్’ 1727 నాటిది. రెండింటిలోనూ కథ చెప్పే ఎవాంజలిస్ట్ పాత్ర టెనర్‌దే. అందులో తాళానికి కట్టుబడని పఠనమే ఎక్కువ, సాహిత్యమే ముందుంటుంది, కింద వాద్యం పలుచన. అంటే లీట్‌కు కావలసిన నైపుణ్యమే. పేరున్న లీట్ టెనర్లు దాదాపు అందరూ పేరున్న ఎవాంజలిస్టులే కావడం ఇందువల్లే. కార్ల్ ఎర్బ్, ఎర్న్‌స్ట్ హేఫ్లిగర్, పేటర్ ష్రైయర్, క్రిస్టోఫ్ ప్రెగార్డియన్, మార్క్ పాడ్‌మోర్, ఇలా వరస సాగుతుంది. ష్రైయర్ అయితే ఎవాంజలిస్ట్‌గా పాడుతూనే వాద్యబృందాన్ని కూడా తానే నడిపించేవాడు.

డిసెంబరులో బాఖ్‌దే ‘క్రిస్మస్ ఆరటోరియో’ మరో పంట. ఆపైన పాఠాలు చెప్పడం, చిన్నా పెద్దా ఆపెరా పాత్రలు. ఫ్రిట్జ్ వుండర్లిఖ్ 1955లో స్టుట్‌గార్ట్ ఆపెరాలో చేరి, మొజార్ట్ ఆపెరా ‘మ్యాజిక్ ఫ్లూట్’ నాయకుడు టమీనోగా పేరు తెచ్చుకున్నాకే లీట్ వైపు గట్టిగా తిరిగాడు. ఇయన్ బాస్ట్రిడ్జ్ దారి మరోటి. ఆక్స్‌ఫర్డ్‌లో మంత్రగత్తెల చరిత్ర మీద డాక్టరేట్ చేసి, 1995లో పూర్తికాల గాయకుడయ్యాడు. అప్పటికి ఆయనకు 30.

లీట్ కచేరీలో ఒక హాలుకు వచ్చే శ్రోతలే తక్కువ. ఈ కళకు ప్రపంచంలోనే పేరుమోసిన వేదిక లండన్‌లోని విగ్‌మోర్ హాల్. 1901లో తెరిచిన ఆ హాలులో కుర్చీలు 552. టిక్కెట్లన్నీ అమ్ముడైనా ఆపెరా హౌస్ లెక్కలు ఇక్కడ రావు. ఏజెంటు కమిషన్ మామూలుగా 10 నుంచి 20 శాతం మధ్య ఉంటుంది. రైలు, హోటలు ఖర్చు పారితోషికంలో కలిసే ఉందా, విడిగా ఇస్తారా అన్నది ఒప్పందంలో రాయించుకోవాలి. నోటిమాటగా వదిలేస్తే నష్టపోయేది ఎప్పుడూ గాయకుడే.

చదువు ఎన్నేళ్ళు? ఎక్కడ?

జర్మన్ సంగీత విశ్వవిద్యాలయాల్లో గాత్రం బ్యాచిలర్ సాధారణంగా 8 సెమిస్టర్లు, మాస్టర్స్ 4 సెమిస్టర్లు. కొన్ని చోట్ల లీట్ కోసమే విడిగా మాస్టర్స్ ఉంది, గాయకుడూ పియానిస్టూ జోడీగా చేరవచ్చు. ప్రవేశం మార్కుల మీద కాదు, పాడి వినిపించే పరీక్ష మీద. జర్మన్ భాషా సర్టిఫికెట్ కూడా అడుగుతారు. ఏ స్థాయిదన్నది ఒక్కో సంస్థకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఆ ఏటి నోటిఫికేషనే చూసుకోవాలి.

డబ్బు లెక్క. స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె, ఫ్రైబుర్గ్, మాన్‌హైమ్, ట్రొసింగెన్ ఉన్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 శీతాకాలం నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు వసూలు చేస్తోంది. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంత అని మాత్రమే తీయనిచ్చే బ్యాంకు ఖాతా) చూపించాల్సిన మొత్తం 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992.

హైదరాబాదులో జర్మన్ నేర్చుకోవడానికి గోథె-జెంట్రుమ్ ఉంది. పాశ్చాత్య గాత్రం పద్ధతిగా నేర్చుకోవాలంటే మనకు దగ్గరలో చెన్నైలోని కె.ఎమ్. మ్యూజిక్ కన్జర్వేటరీ ఒకటి. భాష, గాత్రం రెండూ ఒకేసారి మొదలుపెట్టాలి. గొంతు తయారయ్యాక భాష సంగతి చూద్దామనుకున్నవాళ్ళు తప్పుడు ఉచ్చారణతోనే పాటలు కంఠస్థం చేసి, తర్వాత వాటిని వదిలించుకోలేక అవస్థపడతారు. కండరాలకు పట్టిన మాట మళ్ళీ మార్చడం కొత్త పాట నేర్చుకోవడం కన్నా కష్టం.

తెలుగు మాట్లాడేవాళ్ళకు జర్మన్ ఉచ్చారణలో ఎక్కడ చిక్కు?

ముందు కలిసొచ్చేవి చెప్పుకుందాం. మనకు హ్రస్వదీర్ఘాల తేడా పుట్టుకతోనే వస్తుంది. ఎ–ఏ, ఒ–ఓ లను వేరుచేసి పలకడం హిందీ వాళ్ళకు ఇబ్బంది, మనకు కాదు. రోమన్ లిపిలో జెడ్‌తో రాసే జర్మన్ ధ్వని మన ‘చలి’, ‘చాప’ లలోని దంత్య చ, పాత పుస్తకాల్లో ౘ అని అచ్చువేసేది. గుండెకు జర్మన్ మాట ‘హెర్ౘ్’. ఇంగ్లీషు వాళ్ళు దీనికి ఏళ్ళు తంటాలు పడతారు.

ఇక చిక్కులు. అన్నిటికన్నా పెద్దది, తెలుగు అజంత భాష కావడం. హల్లుతో ముగిసే పదం వెనక మన నోరు తెలియకుండానే ఒక చిన్న ‘ఉ’ చేరుస్తుంది. ‘మోనాట్’ను ‘మోనాటు’ చేస్తుంది. మాట్లాడేటప్పుడు దొరకదు, పాడేటప్పుడు ఆ ‘ఉ’ మీద స్వరం నిలబడి అదనపు అక్షరంలా వినపడుతుంది. దీనికి మందు: పదం చివరి ‘ట్’ అన్నాక నాలుకను పళ్ళ వెనక నుంచి గాలితో వదిలేసి, గొంతును మాత్రం ఆపేయడం. కొవ్వొత్తి ముందు పెట్టుకుని సాధన చేస్తే తేడా కనిపిస్తుంది. గాలి మాత్రమే వస్తే మంట కదులుతుంది, గొంతు వినపడదు.

‘డిష్టర్‌లీబె’ మొదటి వాక్యాన్నే తీసుకుందాం. ‘ఇమ్ వుండర్‌షోనెన్ మోనాట్ మై, అల్స్ అల్లె క్నోస్పెన్ ష్ప్రాఙెన్.’ అందమైన మే నెలలో మొగ్గలన్నీ విచ్చుకున్నప్పుడు అని అర్థం.

‘వుండర్’లోని ‘వ’కు పై పళ్ళు కింది పెదవిని తాకాలి. ‘షోనెన్’లోని ‘షో’ నిజానికి ‘షో’ కాదు. నాలుకను ‘ఏ’ దగ్గర ఉంచి పెదవులను మాత్రం ‘ఓ’ ఆకారంలోకి తేవాలి. ఇదే పద్ధతిలో నాలుక ‘ఈ’, పెదవులు ‘ఊ’ అయితే మరో అచ్చు వస్తుంది, ‘ముల్లరిన్’ మొదటి అక్షరంలో ఉన్నది దాని హ్రస్వం. ‘అల్స్ అల్లె’ అన్నచోట రెండు పదాలను ‘అల్సల్లె’ అని సంధి చేయకూడదు. అచ్చుతో మొదలయ్యే పదం ముందు గొంతును ఒక్క క్షణం మూసి తెరవాలి. సంధి మన రక్తంలో ఉంది కాబట్టి ఇక్కడ ప్రత్యేకంగా కాచుకోవాలి. ‘క్నోస్పెన్’లో క, న రెండూ పలకాలి. చివరి మాట మరో ఉచ్చు. ‘ష్ప్రాంగెన్’ అని తెలుగులో రాసుకుంటే ‘గ’ పలికేస్తాం. జర్మన్‌లో ఉన్నది ఒట్టి ‘ఙ’, తర్వాత ‘గ’ లేదు. కాగితం మీద ‘ఙ’ అక్షరంతోనే రాసుకోండి. మన వర్ణమాలలో ఏ పనీ లేకుండా కూర్చున్న ఆ అక్షరానికి ఇక్కడ ఉద్యోగం దొరుకుతుంది.

‘ఇఖ్’ (నేను) చివరి ధ్వనిని ‘ఇక్’, ‘ఇష్’ అని రెండు రకాలుగా తప్పు పలుకుతారు. ‘య’ అనడానికి నోరు పెట్టి, గొంతు లేకుండా గాలి మాత్రం వదలండి, అదే ఆ ధ్వని. ఆ, ఓ, ఊ ల తర్వాత మాత్రం అది గొంతు లోపలికి వెళ్ళి, హైదరాబాదు ఉర్దూలో ‘ఖబర్’ అన్నప్పటి ‘ఖ’ అవుతుంది.

‘ట’ విషయంలో మరో మాట. తెలుగు లిపిలో ట అని రాసుకున్నా నాలుకను మడతపెట్టకూడదు. నాలుక కొన పై పళ్ళ వెనక చిగురుకు తగలాలి.

కొత్త పాట ఏ వరసలో నేర్చుకోవాలి?

స్వరంతో మొదలుపెట్టకూడదు. కవితను విడిగా ఒక కాగితం మీద చేత్తో రాసుకుని, ప్రతి మాట కిందా తెలుగు అర్థం రాయాలి. భావానువాదం పనికిరాదు, మాటకు మాట కావాలి. జర్మన్‌లో క్రియ తరచు వాక్యం చివరికి వెళ్తుంది, ఈ ఒక్క విషయంలో తెలుగువాడికి ఇంగ్లీషువాడి కన్నా వాక్యం త్వరగా అందుతుంది. తర్వాత కవితను గట్టిగా చదవాలి, కనీసం పదిసార్లు. ఆపైన స్వరకర్త రాసిన లయలో మాటలను మాట్లాడాలి, శ్రుతి లేకుండా. అప్పుడు అచ్చులు మాత్రమే పెట్టి స్వరం, చివరకు హల్లులతో సహా పూర్తి పాట.

లయలో ఒక ముఖ్యమైన సంగతి: తాళం దెబ్బ మీద పడాల్సింది అచ్చు. హల్లులన్నీ దానికి ముందే అయిపోవాలి. ‘ష్ప్రాఙెన్’లో ‘ష్ప్ర’ మూడు హల్లులూ దెబ్బకు ముందు పూర్తికాకపోతే గాయకుడు ప్రతిసారీ పియానో వెనక పడతాడు. పియానిస్ట్ ‘లాగుతున్నావు’ అంటే, పదిలో ఎనిమిదిసార్లు కారణం ఇదే.

పియానో భాగాన్ని కూడా గాయకుడు నేర్చుకోవాలి, కనీసం ఎడమ చేతి వరకు. ‘డెర్ లైయర్‌మన్’లో ఎడమ చెయ్యి పాటంతా ఒకే స్వరజంట పట్టుకుని ఉంటుంది, వీధిలో తిప్పే వాద్యం నాదంలా. మొదటి రెండు బార్‌లలోనే (తాళపు ఆవృత్తాల్లోనే) ఆ జంటకు ముందు ఒక కీచు స్వరం తగులుతుంది, వాద్యం తిరగడం మొదలైనట్టు. తర్వాత అది మాయం. ఇది తెలిసిన గాయకుడు తన మొదటి మాటను రంగు లేకుండా, అతికించినట్టు కాక పక్కన పెట్టినట్టు పాడతాడు. తెలియనివాడు అక్కడ కరుణరసం ఒలికించి పాట చెడగొడతాడు.

గమకాల అలవాటు అడ్డొస్తుందా?

వస్తుంది. స్వరాన్ని కింది నుంచి జారుతూ అందుకోవడం లీట్‌లో తప్పుగా వినపడుతుంది, స్వరం మధ్యలో నేరుగా దిగాలి. కంపనం పూర్తిగా తీసేసి నిలువుగా పాడటమూ మందు కాదు. అలా పది పాటలు పాడితే గొంతు బిగుసుకుపోతుంది.

పియానిస్ట్‌ను ఎలా ఎంచుకోవాలి?

పక్కవాద్యం అనుకుంటే అక్కడే పొరపాటు. పోటీల్లో కూడా జోడీని జోడీగానే తూకం వేస్తారు. స్టుట్‌గార్ట్‌లో హ్యూగో వోల్ఫ్ అకాడమీ నిర్వహించే పోటీ ఇద్దరికీ కలిపే. చరిత్రలో నిలిచినవి కూడా జంటలే: పేటర్ పియర్స్‌కు బెంజమిన్ బ్రిటన్, వుండర్లిఖ్‌కు హుబెర్ట్ గీజెన్, పాడ్‌మోర్‌కు పాల్ లూయిస్. ప్రెగార్డియన్, ఆండ్రియాస్ ష్టైయర్‌తో కలిసి షూబర్ట్ కాలం నాటి ఫోర్టెపియానో మీద పాడి చూపించాడు. ఆ వాద్యం నాదం పలుచన, త్వరగా ఆరిపోతుంది, కాబట్టి టెనర్ గొంతెత్తే అవసరమే ఉండదు.

మొదటి సాధనలో చూడాల్సినవి రెండే. గాయకుడు ఊపిరి తీసినప్పుడు పియానిస్ట్ కూడా తీస్తున్నాడా? సాహిత్యం అతనికి తెలుసా? రెండోది లేకపోతే మొదటిది ఎప్పటికీ రాదు. ‘వాసర్‌ఫ్లూట్’ పెట్టి పరీక్షించండి. అందులో కుడి చేతిలో మూడేసి స్వరాల గుచ్ఛం, ఎడమ చేతిలో చుక్క పెట్టిన స్వరం. చుక్క తర్వాతి చిన్న స్వరం గుచ్ఛంలోని మూడోదానితో కలిసి పడాలా, దాని తర్వాత పడాలా అన్నది పాత వివాదం. జవాబు ఏదైనా ఫర్వాలేదు, తన జవాబుకు కారణం చెప్పగలిగినవాడు కావాలి.

పారితోషికం సమానంగా పంచుకోవడం మంచిది. పియానిస్ట్ వాయించే స్వరాల సంఖ్య చూస్తే ఇంకా అతనికే బాకీ పడతాం.

పియానో మూత పూర్తిగా తెరవాలా? టెనర్ భయపడి సగం మూయిస్తాడు. సగం మూస్తే నాదం బొంగురుపోతుంది, పియానిస్ట్ ఇంకా గట్టిగా వాయిస్తాడు. హాలులో ఎవరినైనా వెనక వరసలో కూర్చోబెట్టి రెండూ విని తేల్చుకోవాలి.

24 పాటలు కంఠస్థం ఎలా?

కొత్తగా నేర్చుకునేవాళ్ళు ‘వింటర్‌రైజె’కు 6 నెలలకు తక్కువ పెట్టుకోకూడదు. కష్టమైన పాటలు మర్చిపోరు. ఒకే వరసకు నాలుగైదు చరణాలున్న తేలిక పాటల్లోనే కాలు జారుతుంది. ‘ముల్లరిన్’ మొదటి పాట ‘డస్ వాండర్న్’లో ఐదు చరణాలు, వరస మారదు. రెండోదానికి బదులు నాలుగోది వచ్చేసిందంటే వెనక్కి రావడానికి దారి లేదు. చరణానికి ఒక్కో తాళంచెవి మాట పెట్టుకోండి: నడక, నీళ్ళు, చక్రాలు, రాళ్ళు, మళ్ళీ నడక. నడిచే కుర్రాడు మొదట వాగును చూస్తాడు, తర్వాత మిల్లు చక్రాన్ని, తర్వాత తిరగలి రాళ్ళను. కన్ను వెళ్ళే దారిలోనే చరణాలు వెళ్తాయి. ఇలా బొమ్మగా గుర్తుంటే వేదిక మీద జారదు. ‘ఉంగెడుల్డ్’లో చరణాలు నాలుగు, ప్రతిదాని చివరా పై ఎ వరకు ఎగబాకాలి. అక్కడ ఆ స్వరం గురించిన కంగారులోనే తర్వాతి చరణం మొదటి మాట ఎగిరిపోతుంది.

మర్చిపోతే? ఆపవద్దు. సరైన అచ్చు పెట్టి స్వరం కొనసాగించాలి, పియానిస్ట్ తర్వాతి మాట గొణుగుతాడు. అందుకే అతనికి సాహిత్యం రావాలన్నది.

కార్యక్రమం ఎంత నిడివి ఉండాలి?

విడి పాటలైతే విరామానికి ముందు 35–40 నిమిషాలు, తర్వాత అంతే. నాలుగు నుంచి ఆరు పాటల గుచ్ఛాలుగా కట్టి, చప్పట్లు గుచ్ఛం చివరే పడేలా కాగితం మీద రాయించాలి. ‘డిష్టర్‌లీబె’ అరగంటే కాబట్టి రెండో సగానికి సరిపోతుంది. ‘వింటర్‌రైజె’ 70 నుంచి 75 నిమిషాలు, విరామం లేకుండా పాడాలి. దాని తర్వాత ఎవరు అడిగినా మరో పాట పాడకపోవడం మంచి మర్యాద.

సాహిత్యం, అనువాదం అచ్చు వేసి పంచుతారు కదా, పాట మధ్యలో పేజీ తిప్పాల్సి రాకుండా చూడండి. ఐదు వందల కాగితాలు ఒక్కసారి తిరిగిన చప్పుడుకు ఏ మెత్తని స్వరమూ ఆగదు. హాలులో దీపాలు చదవడానికి సరిపోయేంత వెలగాలని కూడా ముందే చెప్పాలి.

పియానో ఒంటరిగా మోగుతున్నప్పుడు గాయకుడు ఏం చేయాలి?

‘డిష్టర్‌లీబె’ చివర గాయకుడి మాటలు అయిపోయాక పియానో నిమిషానికి పైగా ఒంటరిగా సాగుతుంది. కచేరీలు ఎక్కువగా చెడేది ఇక్కడే. గాయకుడు గాలి వదిలి భుజాలు దించగానే శ్రోత పాట అయిపోయిందనుకుంటాడు. చూపును వెనక వరస తలల పైన ఒక చోట నిలిపి, ఊపిరి మామూలుగా తీస్తూ, చేతులు ఉన్నచోటే ఉంచాలి. చివరి స్వరం ఆరి, పియానిస్ట్ చేతులు మీటల మీద నుంచి లేచాక కదలాలి. అద్దం ముందు, రికార్డింగ్ పెట్టుకుని విడిగా సాధన చేయాల్సిన విషయం ఇది.

అన్నట్టు ఇందులోని ‘ఇఖ్ గ్రొల్లె నిఖ్ట్’లో పై ఎ స్వరం ఐచ్ఛికం. షూమన్ కింది దారి కూడా ఇచ్చాడు. ఆ రోజు గొంతు బాగుంటేనే పైది.

గొంతు ఎక్కడ దెబ్బతింటుంది?

మెత్తగా పాడటం వల్ల. వింతగా ఉన్నా నిజం. ఊపిరి ఆధారం తగ్గించి మెత్తగా పాడితే గొంతు కండరాలు ఆ పని నెత్తిన వేసుకుంటాయి. సంధి స్వరాల దగ్గర గంటసేపు అలా నడిస్తే మర్నాడు పొద్దున ఆ స్వరాలే పలకవు. ‘వింటర్‌రైజె’కు బేరం వచ్చేదీ చలికాలంలోనే, హోటల్ గదుల్లో హీటర్లు గాలిని ఎండగొట్టేదీ అప్పుడే. తడి తువ్వాలు హీటరు మీద ఆరేయడం పాత చిట్కా, పనిచేస్తుంది. గదిలో తేమ 40–60 శాతం ఉంటే హాయి. రాత్రి కచేరీ అయ్యాక పదకొండింటికి కడుపునిండా తిని పడుకుంటే పుల్లటి నీరు పైకి తన్ని స్వరతంత్రులను వాచేలా చేస్తుంది. భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉంచండి. బొంగురు రెండు వారాలు దాటితే ఆవిరి పట్టడం ఆపి ఇ.ఎన్.టి. డాక్టర్‌కు చూపించాలి.

పన్ను, బీమా?

జర్మనీలో నివాసం లేని కళాకారుడు అక్కడ పాడితే నిర్వాహకుడే 15 శాతం పన్ను, దాని మీద 5.5 శాతం సంఘీభావ సుంకం, మొత్తం 15.825 శాతం పట్టుకుంటాడు. 1,000 యూరోలకు 158.25. ఒక్కో కచేరీకి 250 యూరోలు దాటకపోతే పట్టరు. పట్టుకున్నదానికి సర్టిఫికెట్ అడిగి తీసుకోకపోతే స్వదేశంలో ఆ మొత్తాన్ని చూపించడానికి ఆధారం ఉండదు.

అక్కడే స్థిరపడి స్వతంత్రంగా పాడేవాళ్ళు క్యున్‌స్ట్‌లర్‌జోట్సియాల్‌కాసె అనే కళాకారుల సామాజిక బీమాలో చేరాలి. పింఛను, ఆరోగ్య బీమా చందాలో సగమే కళాకారుడు కడతాడు. చేరడానికి కళ మీద ఏడాదికి కనీసం 3,900 యూరోల ఆదాయం చూపాలి, మొదటి మూడేళ్ళు కొత్తవాళ్ళకు ఆ షరతు లేదు.

ఏ వయసు వరకు పాడవచ్చు?

ఆపెరా కన్నా ఎక్కువ కాలం. ష్రైయర్ ఆపెరా వేదికను 2000లో వదిలి, 2005లో, 70వ ఏట పాడటం ఆపాడు. వయసుతో పై స్వరాల మెరుపు తగ్గినా మాట మీద పట్టు పెరుగుతుంది, ఈ కళలో ఆ బేరం గిట్టుబాటే.

మొదట ఏ రికార్డింగులు వినాలి?

‘ముల్లరిన్’కు వుండర్లిఖ్, గీజెన్‌తో 1966 జూలైలో చేసినది. సెప్టెంబరు 4న ఎడిన్‌బరోలో కచేరీ చేసి, 17న మెట్ల మీద నుంచి పడిన దెబ్బలతో ఆయన చనిపోయాడు. 36 నిండటానికి ఇంకా తొమ్మిది రోజులుంది. గొంతు అందం వినాలంటే అది. ‘వింటర్‌రైజె’కు పియర్స్–బ్రిటన్‌ల 1963 రికార్డింగ్, ఆపైన స్వ్యాటొస్లావ్ రిఖ్టర్‌తో ష్రైయర్ 1985లో డ్రెస్డెన్‌లో పాడినది. రిఖ్టర్ నడక బాగా నిదానం. అంత నిదానంలో ష్రైయర్ ఊపిరి ఎక్కడ తీస్తున్నాడో చేతిలో స్వరలిపి పట్టుకుని గుర్తుపెట్టుకుంటూ వినండి.